గిటారూ – గొప్పలూ – అప్పులూ

ఏది గొప్ప, ఎవరు గొప్ప అన్న తగాదా మన తెలుగువాళ్లకి పుట్టుకతో వచ్చింది. తిక్కన గొప్పా, పెద్దన గొప్పా అని మన ముత్తాతల కాలంలో సభలు జరిగాయి. రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని మన తాతల కాలంలో చొక్కాలు చిరిగాయి. మన కాలం వచ్చేసరికి పేర్లు మారాయి గాని జబ్బు మారలేదు. రాత్రి పదిగంటలు దాటాక మా హాస్టలు వరండాలో నిలబడి వినండి. "లెడ్ జెప్లిన్ ముందు ఎవడైనా బలాదూరే" అంటాడొకడు. "బ్లాక్ సబ్బత్ లేకపోతే హెవీ మెటలే లేదు, కూచోరా" అంటాడింకొకడు. "ముందు డీప్ పర్పుల్ విని తర్వాత మాట్లాడండిరా" అని మూడోవాడు. నాలుగోవాడు నోరు మెదపకుండా జిమీ హెండ్రిక్స్‌ని పెద్ద సౌండుతో పెడతాడు. అంతటితో వాదన ముగిసి యుద్ధం మొదలవుతుంది.

ఈ బ్యాండ్లన్నీ 1960ల చివరలోనూ 1970లలోనూ వెలిగినవి. అంటే మా అమ్మానాయనలు ఇంకా పుట్టకముందో, పలక పట్టకముందో సంగతి. దేశం మనది కాదు, భాష మనది కాదు, కాలమూ మనది కాదు. అయినా ఇరవయ్యేళ్లవాళ్లం వాటికోసం మెస్సులో మాటలు మానుకుంటున్నాం. ఎందుకని? ఆ సంగతి కాస్త తేల్చుకుందామనే ఈ వ్యాసం.

నేను సైన్సు విద్యార్థిని. మాది పల్నాడులో పత్తీ మిరపా వేసే కుటుంబం. పత్తి అమ్మేవాడి ఇంట్లో పుట్టినవాడికి ఒక సంగతి తెలుసు: సరుకెంత మంచిదైనా కాటా సరిగా లేకపోతే లాభం లేదు. కాబట్టి ఏ బ్యాండు గొప్పదో చెప్పేముందు కాటా సరిచూద్దాం. గిటారు ఏం చేస్తుంది? ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నారు? ఈ మూడూ తెలియకుండా చెప్పే తీర్పు, తూకం వేయకుండా కట్టిన ధర లాంటిది.

సోనోమీటరుకి చుట్టం

మన ఫిజిక్సు ల్యాబులో సోనోమీటరు ప్రయోగం చేయనివాళ్లుండరు. చెక్కపెట్టె మీద ఒక తీగ, చివర వేలాడే బరువులు, మధ్యన రెండు బ్రిడ్జీలు. శ్రుతి కలిసినప్పుడు తీగ మీది కాగితపు రైడరు ఎగిరి పడుతుంది. తీగ పొడవు తగ్గితే శ్రుతి పెరుగుతుంది. బిగువు పెంచినా పెరుగుతుంది. తీగ లావైతే తగ్గుతుంది. గిటారు అంటే ఆరు తీగల సోనోమీటరే! మెట్టు మీద వేలు నొక్కితే బ్రిడ్జి జరిపినట్టు. చివర మర తిప్పితే బరువులు మార్చినట్టు. మామూలుగా శ్రుతి చేసిన గిటారులో లావుతీగ సెకనుకు సుమారు 82 సార్లు, అన్నిటికన్నా సన్నతీగ సుమారు 330 సార్లు కంపిస్తాయి. ఒక్కో మెట్టుకీ పౌనఃపున్యం 6 శాతం చొప్పున పెరుగుతూ 12 మెట్లెక్కేసరికి రెట్టింపవుతుంది. వీణ చూసినవాళ్లకి ఇదేమీ వింత కాదు.

వింతంతా కరెంటులో ఉంది. మామూలు గిటారులో తీగ కంపనాన్ని చెక్కపెట్టె పెద్దది చేస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులో పెట్టె ఉండనక్కర్లేదు. ఉక్కుతీగల కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ వేల చుట్లు. దీన్నే పికప్ అంటారు. బోరు మోటారు కాలిపోయినప్పుడు వైండింగ్ చేయించిన రైతుబిడ్డలకి రాగితీగ చుట్టల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఉక్కుతీగ ఊగితే చుట్టలోని అయస్కాంత ప్రవాహం మారుతుంది. మారితే చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఫారడే నియమాన్ని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనం. అదే నియమంతో 1930ల తొలినాళ్లలో అమెరికాలో జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్‌లు గిటారు చేశారు. చూడ్డానికి పిడి ఉన్న పెనంలా ఉందని దానికి పెనమనే పేరే పడింది.

ఆ సన్నని కరెంటుని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. దాని తాహతుకి మించి పెంచితే ఏమవుతుంది? తూములోంచి పట్టినంత నీరే పోయినట్టు, ఆంప్లిఫయరు కూడా ఒక హద్దు దాకానే పోగలదు. అలల తలలు అక్కడ కొడవలితో కోసినట్టు తెగిపోతాయి. సి.ఆర్.ఓ. తెర మీద చూస్తే గుండ్రటి సైన్ తరంగం చదునుతల తరంగమై కనిపిస్తుంది. ఫోరియర్ గారి లెక్క ప్రకారం అలా తల తెగిన తరంగంలో అసలు స్వరంతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, అయిదింతలు పౌనఃపున్యాలున్న కొత్త స్వరాలు వచ్చి చేరతాయి. చెవికి అది గరగరలాడే బొంగురు గొంతులా వినిపిస్తుంది. ఇంజనీర్లు దాన్ని డిస్టార్షన్ అని తిట్టారు. కుర్రాళ్లు దాన్నే కావాలన్నారు. 1958లో లింక్ రే అనే అమెరికను స్పీకరు కాగితానికి పెన్సిలుతో తూట్లు పొడిచి ఆ గరగర రప్పించాడు. 1964లో లండన్‌లో కింక్స్ బ్యాండు గిటారిస్టు డేవ్ డేవిస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. పాడైపోయిన వస్తువులోంచి కొత్త స్వరం పుట్టిందన్నమాట.

ఇక్కడే ఒక చమత్కారం. రాక్ గిటారిస్టులు ఎక్కువగా వాయించేది మూడు స్వరాల తీగకట్టు కాదు. మన షడ్జమూ పంచమమూ మాత్రమే. దాన్ని పవర్ కార్డ్ అంటారు. ఎందుకు రెండే? షడ్జ పంచమాల నిష్పత్తి 2:3. మాటవరసకి 110, 165 అనుకోండి. గరగర ఆంప్లిఫయరులోంచి పోయేటప్పుడు ఈ రెండింటి తేడా, అంటే 55 కూడా ఒక స్వరమై పుడుతుంది. అది 110కి సరిగ్గా సగం, అంటే కింది స్థాయి షడ్జమం. వాయించనిదే వినపడే మంద్ర షడ్జమం! మధ్యలో గాంధారం కూడా కలిపితే తేడాలు ఎక్కువై స్వరం బురద బురదగా వినిపిస్తుంది. ఇద్దరు గిటారిస్టులు పదిమందిలా వినపడటానికి కారణం ఇదే. తంబురా శ్రుతికి ఒళ్లు పులకరించిన జాతికి పవర్ కార్డు పరాయిది కాదు.

ఇక ఫీడ్‌బ్యాక్. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు కుయ్యిమని అరవడం అందరూ విన్నారు. స్పీకరులోంచి వచ్చిన మోత మళ్లీ మైకులోకి పోయి, పెరిగి, తిరిగి వచ్చి, ఇంకా పెరిగి కూత పెడుతుంది. గిటారులో అయితే ఆ మోత తీగనే కదిలిస్తుంది. మనం మైకువాణ్ణి తిట్టి ఊరుకుంటాం. ఆ కూతని మచ్చిక చేసుకుని రాగంగా మార్చినవాడు హెండ్రిక్స్. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పత్తి చేల్లోంచి

ఈ సంగీతం లండన్‌లో పుట్టిందనుకుంటారు చాలామంది. లండన్‌లో పెరిగింది, పుట్టింది మాత్రం అమెరికాలో మిసిసిపీ నదీతీరపు పత్తి చేలల్లో. ఈ సంగతి తెలిసిన రోజున నేను ఆ పాటలు వినే తీరే మారింది.

1865లో అమెరికాలో బానిసత్వం చట్టరీత్యా పోయింది. కాని భూమి పాత దొరల చేతుల్లోనే ఉండిపోయింది. నల్లజాతివాళ్లు అదే చేలల్లో పాలుకు వ్యవసాయం చేశారు. విత్తనం దొర అప్పు, తిండి దొర కొట్లో అప్పు, పంట చేతికొచ్చాక లెక్క చూసేదీ దొరే. లెక్క తేలేసరికి ఇంకా బాకీ ఉన్నట్టే తేలేది. కౌలు, పాలు, బాకీ అన్న మాటలు వింటూ పెరిగినవాళ్లకి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఆ చేలల్లోంచి, ఆ బాకీల్లోంచి వచ్చిన పాటనే బ్లూస్ అన్నారు.

మడ్డీ వాటర్స్ మిసిసిపీలో స్టోవాల్ అనే పత్తి తోటలో ట్రాక్టరు తోలేవాడు. 1941లో జానపద గేయాలు సేకరించే అలన్ లోమాక్స్ అతని పాట రికార్డు చేశాడు. తన గొంతు తాను యంత్రంలో విన్న మడ్డీ వాటర్స్ 1943లో చికాగో రైలెక్కాడు. అక్కడి తాగుడు క్లబ్బుల గోలలో చెక్క గిటారు ఎవరికీ వినపడదు గనక ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. మరో పత్తి కూలీ బి.బి.కింగ్ మెంఫిస్ నగరం చేరి లోకప్రసిద్ధుడయ్యాడు. 1950లో మడ్డీ వాటర్స్ పాడిన ఒక పాట పేరునే 1962లో లండన్ కుర్రాళ్లు తమ బ్యాండుకి పెట్టుకున్నారు. అదే రోలింగ్ స్టోన్స్!

ఇక సిస్టర్ రొసెట్టా థార్ప్. ఆమె 1915లో ఆర్కన్సాలో పుట్టిన ఊరి పేరే కాటన్ ప్లాంట్, అంటే పత్తిమొక్క! చర్చిలో పాడే భక్తిగీతాలని ఎలక్ట్రిక్ గిటారుతో పాడి, 1940లకే గిటారు నడిపే సంగీతం ఎలా ఉంటుందో చూపించింది. 1964లో మడ్డీ వాటర్స్ తదితరులతో కలిసి ఇంగ్లండ్ వెళ్లి, మాంచెస్టర్‌లో రైళ్లు తిరగడం మానేసిన ఒక స్టేషను ప్లాట్‌ఫారం మీద టెలివిజన్ వారికోసం వాయించింది. ఆమె 1973లో పోతే చాలా ఏళ్లు సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు. అమెరికాలోని రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో లెడ్ జెప్లిన్‌కి 1995లో, బ్లాక్ సబ్బత్‌కి 2006లో చోటు దొరికింది. థార్ప్‌కి దొరికింది 2018లో, పోయిన 45 ఏళ్లకి. మనుమలకి పీటలు వేసిన చాలా కాలానికి అమ్మమ్మని పిలిచారన్నమాట.

బరిలో ఉన్నవాళ్లు

ఇప్పుడు అసలు పోటీదార్లని చూద్దాం. అందరినీ చెప్పడానికి సావనీరు చాలదు. మా వరండాలో రోజూ నలిగే పేర్లే తీసుకుంటాను.

లెడ్ జెప్లిన్: 1968లో లండన్‌లో ఏర్పడింది. గిటారు జిమ్మీ పేజ్, గానం రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటారు, కీబోర్డూ జాన్ పాల్ జోన్స్, డ్రమ్స్ జాన్ బోనమ్. చెవిలో గుసగుసలాడే చెక్క గిటారు దగ్గర్నుంచి ఇల్లదిరే మోత దాకా ఒకే పాటలో తీసుకుపోగల శక్తి వీళ్లది. పేజ్ వాయించేవాడే కాదు, రికార్డింగు శిల్పి కూడా. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి అక్కడి వాద్యకారులతో తమ పాటలు రెండు వాయించి రికార్డు చేసుకున్నారు. కాశ్మీర్ పేరుతో 1975లో వీళ్లిచ్చిన పాట మటుకు మొరాకో ఎడారి దారిలో ఊహించింది. అది రాసేనాటికి వాళ్లు కాశ్మీర్ చూడలేదు! 1980 సెప్టెంబరులో బోనమ్ చనిపోగానే బ్యాండుని మూసేశారు.

జెప్లిన్ మీద పెద్ద ఆరోపణ అప్పుల సంగతి. 1969 నాటి వాళ్ల పేరుమోసిన పాటొకటి, విల్లీ డిక్సన్ రాయగా 1962లో మడ్డీ వాటర్స్ పాడిన పాటకి దగ్గరగా ఉంది. రికార్డు మీద డిక్సన్ పేరు లేదు. 1985లో డిక్సన్ దావా వేస్తే 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. తర్వాత ఆయన పేరు చేర్చారు. అలాగని ప్రతి ఆరోపణా నిజం కాదు. వాళ్ల అన్నిటికన్నా ప్రసిద్ధమైన పాట ఎత్తుగడ మరో బ్యాండుదన్న దావాలో 2016లో జ్యూరీ జెప్లిన్‌వైపే తీర్పిచ్చింది. 2020లో పైకోర్టూ దాన్ని ఖాయం చేసింది. మంచి కూడా చెప్పాలి. 1927లో మిసిసిపీ గట్లు తెగి వచ్చిన మహావరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్‌లు 1929లో చేసిన పాటని జెప్లిన్ 1971లో తిరిగి చేసినప్పుడు మిన్నీ పేరు వేశారు. ఆ పాటలో బోనమ్ డ్రమ్ముల్ని పాత భవనం మెట్లదారిలో పెట్టి రికార్డు చేశారు. ఏటిగట్టు తెగే భయం ఎరిగినవాళ్లకి ఆ డ్రమ్ముల మోత భాష తెలియకపోయినా అర్థమవుతుంది.

జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్: హెండ్రిక్స్ 1942లో సియాటిల్‌లో పుట్టాడు. కొన్నాళ్లు పారాట్రూపరుగా సైన్యంలో ఉన్నాడు. తర్వాత పేరున్న గాయకుల వెనక గిటారు వాయించాడు. 1966లో లండన్ వెళ్లి నోయెల్ రెడింగ్, మిచ్ మిచెల్‌లతో ఈ ముగ్గురి బ్యాండు పెట్టాడు. ఎడమచేతివాటం కాబట్టి కుడిచేతి గిటారునే తిరగేసి పట్టేవాడు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో అమెరికా జాతీయగీతాన్ని ఒక్క గిటారు మీద వాయిస్తూ, మధ్యలో ఫీడ్‌బ్యాకుతో బాంబుల మోతలు, విమానాల రొదలు వినిపించాడు. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులవి. ఒక్క మాటా అనకుండా ఎంత మాట అన్నాడో చూడండి! 1970 సెప్టెంబరులో 27 ఏళ్లకే పోయాడు. గిటారిస్టుగా ఇతనికి సాటి లేరంటే నేను కాదనను.

డీప్ పర్పుల్: 1968లో ఇంగ్లండ్‌లోనే ఏర్పడింది. గిటారు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లో మాంత్రో ఊరి కాసినోలో వేరొకరి కచేరీ జరుగుతుండగా ఎవరో వెలుగుతుపాకీ పేల్చి భవనం తగలబెట్టారు. సరస్సు మీద కమ్ముకున్న ఆ పొగే స్మోక్ ఆన్ ద వాటర్ పాటయింది. ప్రపంచంలో గిటారు కొన్న ప్రతి కుర్రాడూ మొదటి వారంలో వాయించడానికి ప్రయత్నించేది దాని ఎత్తుగడే. అయితే ఈ బ్యాండులో సగం బరువు జాన్ లార్డ్ ఆర్గన్‌ది. ఆయన ఆర్గన్‌ని గిటారు ఆంప్లిఫయరులోకి పెట్టి గరగరలాడించాడు. అందుకే గిటారు నడిపే బ్యాండు అనడానికి నాకు కొంచెం సంకోచం.

ఏసీ డీసీ: స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి ఆస్ట్రేలియా వలసపోయిన కుటుంబంలో మాల్కమ్, ఆంగస్ యంగ్ సోదరులు 1973లో సిడ్నీలో పెట్టారు. కుట్టుమిషను మీద ఏసీ డీసీ అని రాసి ఉంటే చూసి అక్క మార్గరెట్ ఆ పేరు సూచించింది. ఫిజిక్సు విద్యార్థికి ఇంతకన్నా ఇంపైన పేరేముంటుంది! తమ్ముడు ఆంగస్ బడిపిల్లాడి నిక్కరులో స్టేజంతా గెంతుతాడు. అన్న మాల్కమ్ వెనక నిలబడి కాడెద్దులా తాళం మోశాడు. నిజానికి బండి లాగింది అన్నే. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ పోయినా, అదే ఏడు కొత్త గాయకుడితో తెచ్చిన ఆల్బము ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయినవాటిలో ఒకటైంది. మాల్కమ్ 2017లో కాలం చేశాడు.

క్వీన్: దీని పేరెత్తకపోతే సైన్సువాళ్లు నన్ను వెలివేస్తారు. గిటారిస్టు బ్రయన్ మే కొత్త గిటారు కొనే స్తోమత లేక 1963లో తండ్రితో కలిసి సొంతంగా చేసుకోవడం మొదలెట్టాడు. పాత చలిపొయ్యి చట్రం కర్ర, పాత మోటారుసైకిలు స్ప్రింగులు సామగ్రి. జీవితమంతా దానిమీదే వాయించాడు. సంగీతం కోసం మధ్యలో ఆపేసిన ఖగోళ భౌతికశాస్త్ర పరిశోధనని మళ్లీ పట్టుకుని 2007లో డాక్టరేటు తీసుకున్నాడు. బ్యాక్‌లాగులున్న మిత్రులు నిరాశ పడకూడదని మనవి.

బ్లాక్ సబ్బత్: బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీల మధ్య పెరిగిన నలుగురు పనివాళ్ల పిల్లలు. గిటారు టోనీ అయోమి, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్, గానం ఆజీ ఆస్బోర్న్. మొదటి ఆల్బము 1970 ఫిబ్రవరిలో వచ్చింది. విమర్శకులు చాలామంది తీసిపారేశారు. ఆ ఆల్బము మొదటి పాట నడిచేది షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉన్న దూరం మీద. దాన్ని ఐరోపావాళ్లు సంగీతంలో సైతాను అన్నారు. మనకి అదే ప్రతిమధ్యమం కల్యాణి రాగంలో మంగళకరం! స్వరంలో సైతానూ లేదు, దేవుడూ లేడు. ఉంచిన చోటుని బట్టి ఉంటుంది.

అయోమి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ ఉద్యోగానికి అదే ఆఖరిరోజు. యంత్రం కిందపడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కవలసిన చెయ్యి అదే. ఇక వాయించలేవన్నారు డాక్టర్లు. నిప్పు చేసిన గాయంతో రెండు వేళ్లు పనికిరాకపోయినా మహావాద్యకారుడైన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు ఫ్యాక్టరీ మేస్త్రీ. కుర్రాడికి ధైర్యం వచ్చింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి టోపీలు చేసుకుని, పైన తోలుముక్క అంటించాడు. సన్నతీగలు వేసుకున్నాడు. 1971 నాటి మూడో ఆల్బములో కొన్ని పాటలకి గిటారుని మూడు మెట్లు కిందికి దించాడు.

ఇక్కడ సోనోమీటరు సూత్రం వేసి చూడండి. తీగ బిగువు పౌనఃపున్యం వర్గానికి అనులోమంగా ఉంటుంది. మూడు మెట్లు దిగితే లావుతీగ 82.4 నుంచి 69.3కి వస్తుంది. నిష్పత్తి వర్గం చేస్తే 0.707. అంటే బిగువు దాదాపు 29 శాతం తగ్గింది! తెగిన వేళ్లకి సుఖం కలిగింది. చెవికి పాతాళంలోంచి వచ్చే కొత్త ధ్వని వినిపించింది. ఆ ధ్వని మీదే హెవీ మెటల్ అనే వంశం లేచింది.

కాటా

ఇంతమందిని చూశాక నా తూకంరాళ్లు నాలుగు చెబుతాను. ఒకటి: గిటారు తీసేస్తే ఆ బ్యాండులో ఏం మిగుల్తుంది? రెండు: గొప్పతనం ఒక్క మనిషిదా, నలుగురి పొందికదా? మనం అడిగేది బ్యాండు గురించి గనక ఈ రాయి తప్పదు. మూడు: వాళ్లు చల్లిన విత్తనం మొలిచిందా? నాలుగు: అప్పు ఒప్పుకున్నారా?

మొదటి రాయితో డీప్ పర్పుల్, క్వీన్ కొంచెం తేలతాయి. పర్పుల్‌లో ఆర్గన్, క్వీన్‌లో ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు మిగులుతాయి. రెండో రాయితో హెండ్రిక్స్ చిక్కులో పడతాడు. వుడ్‌స్టాక్ నాటికి ఆ ముగ్గురి బ్యాండు విడిపోయింది. వేరేవాళ్లతో వాయించినా హెండ్రిక్స్ హెండ్రిక్సే. అది మనిషి గొప్పతనం. ఈ రాయికి అందరికన్నా బాగా తూగేది ఏసీ డీసీ, జెప్లిన్. మూడో రాయికి సబ్బత్‌ని మించినవాళ్లు లేరు. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో విల్లా పార్కు మైదానంలో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించినప్పుడు మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్ వంటి మహా బ్యాండ్లు శిష్యుల్లా వచ్చి ముందుగా వాయించి వెళ్లాయి. పదిహేడు రోజులకి, జులై 22న, ఆస్బోర్న్ కన్నుమూశాడు. నాలుగో రాయి జెప్లిన్‌కి బరువైంది. సబ్బత్ కూడా తొలిరోజుల్లో బ్లూస్ వాయించే తిరిగారు. పత్తిచేల అప్పు వాళ్ల మీదా ఉంది. కాని తెచ్చిన విత్తనాన్ని తమ ఊరి ఇనుపగనుల మట్టిలాంటి మట్టిలో వేసి, వేరే పంటే పండించారు.

కనుక నా ఓటు బ్లాక్ సబ్బత్‌కి. దీనికి ఇంకో కారణం కూడా ఉందని దాచకుండా చెబుతాను. మా నాయన కుడిచేతి చూపుడువేలు నా చిన్నప్పుడు గడ్డి కోసే మిషనులో సగానికి పోయింది. నెల్లాళ్లు గేదె దగ్గరికి పోలేదు. తర్వాత మిగతా వేళ్లతో పాలు పిండటం కొత్తగా నేర్చుకున్నాడు. పలుపుతాడు ముడి కూడా వేరే తీరుగా వేస్తాడు. ఆ ముడి ఊళ్లో ఇంకెవరికీ రాదు, ఎవరికీ ఊడదు కూడా. అయోమి సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ముడే. లోపం ఉన్నా వాయించాడని కాదు, లోపంలోంచే కొత్త పద్ధతి పుట్టించాడని. ఇది సైన్సు కాదు, పక్షపాతమే అంటారా? ఫరవాలేదు. కాటా నలుగురి ముందూ పెట్టాను గనక పక్షపాతం ఎంతో మీరే తూచుకోవచ్చు.

"సబ్బత్‌వాళ్లది సంగీతం కాదురా, గోల" అంటాడు మా గదిలో ఉండే జెప్లిన్ భక్తుడు. "అన్నా, రెండూ కాదు, మాండలిన్ శ్రీనివాస్‌ని వినండి" అంటాడు ఫస్టియర్ కుర్రాడొకడు. వాడి మాటా తీసెయ్యదగ్గది కాదు. 1969లో మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. ఆ గమకాలు దానిమీద రావన్న పెద్దల్ని ఒప్పించాడు. జాన్ మెక్‌లాఫ్లిన్ అంతటి గిటారిస్టు పక్కన సమానంగా కూర్చుని వాయించి 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. కరెంటుతీగకి కులం లేదు, దేశం లేదు. వేలు ఎవరిదైతే వాళ్ల మాట పలుకుతుంది.

చివరగా ఒక్క మాట. ఏ బ్యాండు గొప్పదన్న వాదన ఆపమని నేను అనను. అది ఆగితే హాస్టలు బోసిపోతుంది. కాని వాదించేటప్పుడు ఒక నియమం పెట్టుకుందాం: గొప్ప అన్న ప్రతి పేరుతోబాటు, వాళ్లకి విత్తనం ఇచ్చినవాళ్ల పేరొకటి చెప్పాలి. జెప్లిన్ అన్నవాడు విల్లీ డిక్సన్ అనాలి. స్టోన్స్ అన్నవాడు మడ్డీ వాటర్స్ అనాలి. గిటారు అన్న ప్రతివాడూ రొసెట్టా థార్ప్ అనాలి. పండించినవాడి పేరు బస్తా మీద ఉండదు. మిల్లు పేరే ఉంటుంది. కనీసం పాట విషయంలోనైనా ఆ లెక్క సరిచేయడం మన చేతుల్లో ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

నా తీర్పుతో ఏకీభవించని అధ్యాపకులూ, పూర్వవిద్యార్థులూ, ముఖ్యంగా మా గది జెప్లిన్ భక్తుడూ వచ్చే ఏటి సావనీరులో సమాధానం రాయవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. కాటా మాత్రం మీదే తెచ్చుకోండి.